గట్టుకి ఇవతలి వైపు

గంటసేపు ముట్టుకోకూడదు. జిగురు ట్యూబు మీద అలాగే రాసి ఉంది, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ట్యూబుని ముక్కుకి ఆనించుకుంటే తప్ప కనపడనంత చిన్న అక్షరాల్లో, గంటసేపు కదపకూడదు, లాగకూడదు, తడి తగలనివ్వకూడదు, మంచిది, నాకు కావలసిందీ అదే, నన్ను కూడా ఎవరైనా ఒక గంట కదపకుండా వదిలేస్తే అంతకంటే ఏం కావాలి. ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకొచ్చి గోడ పక్కన వేసుకుని కూర్చున్నాను. మోకాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి టిక్కుమన్నాయి, తలుపుకి రెండు గడియలూ వేసినట్టు. టైం ఐదున్నర. ఆరున్నరకి అమ్మాయి వస్తుంది. ఆరున్నర అంటే ఆరూ ఇరవై ఎనిమిది, ముప్పై రెండేళ్ళు బస్సుల టైమ్‌టేబుళ్ళు వేసినవాడి కూతురు, ఆలస్యంగా రావడం దానికి చేతకాదు. వచ్చి చూస్తుంది. పెరట్లో ఈతకొలను చుట్టూ లైట్లు వెలిగి, గట్టు నాకు కనపడి, ఆ చివర నుంచి ఈ చివరికి తట్టుకోకుండా నడిచి చూపిస్తే కొలను ఉంటుంది. లేకపోతే సోమవారం పొద్దున్నే మట్టి బండి వస్తుంది. నాలుగు ట్రిప్పులు పోస్తే నిండిపోతుందట. పైన గడ్డి వేసుకుందాం నాన్నా, హాయిగా కుర్చీ వేసుకుని కూర్చుందువు గాని, అంది. కూర్చునే ఉన్నాను తల్లీ, మట్టి పోయక ముందే.

పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టాను. అరగంటలో ఎవరైనా సొంతంగా బిగించుకోవచ్చు అని లైట్ల పట్టీ పెట్టె మీద రాసి పక్కన ఒక జంట బొమ్మ వేశారు, ఆవిడ పట్టీ పట్టుకుంటే ఆయన అతికిస్తున్నాడు, ఇద్దరూ నవ్వుతున్నారు, ఇద్దరు కావాలన్న సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు. పెట్టె నాలుగేళ్ళ కిందటిది. తను కొన్నది, మా ఆవిడ. ఈ వారం పెట్టేద్దురూ అని తనూ, చూద్దాంలే అని నేనూ, స్టోర్ రూములో పాత ఫ్యాను రెక్కల కింద అది అలాగే ఉండిపోయింది. చూద్దాంలే అన్న మాట ఎన్నిసార్లు అని ఉంటానో ఎవరైనా లెక్కపెట్టి ఉంటే బాగుండేది. పట్టీ వెనక ఉండే అంటు పొడి పొడిగా రాలిపోయింది, అందుకే అదే రూములో దొరికిన ఈ జిగురు ట్యూబు, దాని వయసు ఎంతో నేను చూడలేదు, దాని ముఖం చూస్తే నాకంటే పెద్దదనిపించింది. గట్టు నేలకి జానెడు ఎత్తున ఉంటుంది, లోపలి వైపు నీళ్ళు, బయటి వైపు నడిచే దారి. పంపు పెట్టి నీళ్ళు కాస్త దించాను. గట్టు మీద బోర్లా పడుకుని, చేతులు లోపలికి వేలాడేసి, లోపలి గోడని స్పిరిట్ గుడ్డతో తుడిచి, జిగురు పెట్టి, ఒక్కో జానెడు పట్టీ నొక్కి వంద లెక్కపెట్టి, లేచి, ఇంకాస్త జరిగి, మళ్ళీ బోర్లా. చుట్టుకొలత ఇరవై ఆరు మీటర్లు. ఇరవై ఆరు మీటర్లు పొట్ట మీద పాకాను ఈ వయసులో. బొత్తాలు రెండు ఊడాయి, గడ్డం కింద రాయి గీసుకుంది, అయినా నీళ్ళని అంత దగ్గరగా చూడటం ఎన్నాళ్ళకో, ముక్కుకి రెండడుగుల కింద నా మొహం కదులుతూ, ఎవరీ ముసలాయన ఇంత శ్రద్ధగా చూస్తున్నాడు అనిపించేలా. పట్టీ కాస్త మిగిలింది కూడా, కత్తెర బొమ్మ ఉన్నచోట కత్తిరించి చివర మూత పెట్టాను. పంపు గది పక్కన అడాప్టర్. పన్నెండు వోల్టులే, తడి చేత్తో పట్టుకున్నా ఏమీ కాదట. ఇలాంటి చిన్న చిన్న దయలు ఉంటాయి లోకంలో, ఎవరో ఒకాయన కూర్చుని పన్నెండు వోల్టులు చాలు అనుకుని ఉంటాడు.

అలసట ఈ ఒక్కరోజుది కాదు. ఈ ఒక్కరోజుదైతే పడుకుంటే పోయేది. ఏడు నెలలుగా, పొద్దున లేవగానే రాత్రంతా ఎక్కడో మూటలు మోసొచ్చినట్టు ఉంటుంది, ఎక్కడ మోశానో గుర్తుండదు. ఈ ఇల్లు కొన్నప్పుడు కొలను ఒట్టిదే, మాకు ముందున్న పళ్ళ డాక్టరు కట్టించుకుని వదిలేసింది, పన్నెండేళ్ళు అందులో పూలకుండీలు పెట్టుకున్నాం. తన నడుముకి ఈతే మందు అని డాక్టరు చెప్పాక కుండీలు పైకొచ్చాయి, సిమెంటు పూశారు, నీళ్ళు నిండాయి, యాభై ఏడేళ్ళ వయసులో తను మెట్ల మీద నిలబడి, ఏవండీ, నేను మునిగిపోతే మీరు దూకుతారా, అంది. నాకు ఈత రాదుగా అన్నాను. మరి అక్కడెందుకు నిలబడ్డారు, అంది. తువ్వాలు పట్టుకోవడానికి. అంతే, ఆ రోజు నుంచి అదే నా ఉద్యోగం. మూడు నెలలకి ఈ చివర నుంచి ఆ చివరికి, ఏడాదికి నలభై సార్లు. ఏ రోజైనా నలభై. ఈదుతూ ఉంటే తనకి లెక్క తప్పేది, పదకొండా పదమూడా అని నడి కొలనులో ఆగి అడిగేది, అందుకని నేను గట్టు పక్కన తనతో పాటే నడుస్తూ పైకి లెక్కపెట్టేవాణ్ణి. భుజం మీద తువ్వాలు, కళ్ళు తన మీద. ఒకటి, అక్కడ తిరగడం, రెండు, ఇక్కడ తిరగడం. ఆఫీసులో చేసిన పని కూడా అదే కదా, ఎవరో ప్రయాణం చేస్తూ ఉంటారు, నేను ఒడ్డున కూర్చుని ఎప్పుడు బయల్దేరారు, ఎక్కడ తిరిగారు అని రాస్తాను. ఈదేదీ సాయంత్రం చీకటి పడేవేళే, ఆ బట్టల్లో ఎవరైనా చూస్తారని సిగ్గు, పక్కింటి పంతులమ్మ దీపం వేసుకుని కిటికీ తెర లాగాక మెట్లు దిగేది. పంతులమ్మ కూడా సరిగ్గా ఆ టైముకే తెర లాగేది. ఒక్కరోజూ ముందూ వెనకా కాలేదు. అది అలవాటు కాదనీ, దయ అనీ నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఇరవై ఆరు దగ్గర ఆగింది ఆ రోజు. ఈ మెట్ల దగ్గర గోడ పట్టుకుని, జుట్టు వెనక్కి తోసుకుని, ఈ పూటకి చాలండీ, మిగతావి రేపు, అంది. ఎన్ని మిగిలాయో చెప్పాను నేను, పద్నాలుగు అని, ఆఫీసు బుద్ధి, ఎందుకు ఆగావు, ఎలా ఉంది అని అడగలేదు, పద్నాలుగు అన్నాను. తువ్వాలు కప్పాను. మర్నాడు పొద్దున ఆస్పత్రి. పదకొండు రోజులు. ఆ పదకొండు రోజుల్లో ఒకసారి, గొంతులో గొట్టం తీసిన పూట, తను వేళ్ళతో ఏవో లెక్కపెడుతూ ఉంటే మందుల లెక్క అనుకున్నాను. ఏమో. నేనొక్కణ్ణే ఇంటికొచ్చిన మొదటి సాయంత్రం పంతులమ్మ కిటికీ తెర లాగిన చప్పుడు వినిపించింది, ఎవరూ దిగకపోయినా లాగింది పాపం, నా కాళ్ళు లేచాయి, కొలను పక్కన నడుస్తూ, ఇరవై ఏడు, అన్నాను పైకే. ఇరవై ఎనిమిది. నలభై దాకా పద్నాలుగు పొడుగులు. మర్నాడు మళ్ళీ ఇరవై ఏడు నుంచే. అవి ఎప్పటికీ తీరవని నాకు తెలుసు, తీరకుండా ఉండటానికే రోజూ మళ్ళీ మొదటి నుంచి. ఇది ఎవరికీ చెప్పే సంగతి కాదు. మూడు వారాల కిందట ముప్పై మూడు అని ఆ చివర తిరగబోతూ, కళ్ళు మామూలుగా నీళ్ళ మీదే, మసక చీకటి, గట్టు పిక్కకి తగిలింది, తల కిందికి కాళ్ళు పైకి. నోట్లోకి, ముక్కులోకి, చెవుల్లోకి నీళ్ళు, చేతులు ఏవేవో పట్టుకుంటున్నాయి, పట్టుకోవడానికి ఏమీ లేదు, అయిపోయింది అనుకున్నాను, అంత బాధగా కూడా అనిపించలేదు, నిజం చెప్పాలంటే. అప్పుడు గోడ మీంచి పంతులమ్మ గొంతు, క్లాసులో వెనక బెంచీ వాణ్ణి కేకేసినట్టు, నిలబడండి! నిలబడితే చాలు మాస్టారూ! నిలబడ్డాను. నీళ్ళు ఛాతీ దాకా ఉన్నాయి. నేనెప్పుడూ మాస్టారుని కాను, అయినా ఆవిడకి అందరూ మాస్టార్లే, దగ్గుతూ నిలబడి దండం పెట్టాను. ఆవిడే అమ్మాయికి ఫోన్ చేసింది.

వల పట్టుకుని ఆకులు తీస్తూ జారాను అని చెప్పాను అమ్మాయికి. అది నమ్మినట్టు కనపడింది. కళ్ళజోళ్ళ షాపులో రోజంతా మనుషుల్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఇది బాగుందా, ఇదా, అని అద్దాలు మార్చే మనిషి, ఎవరు కనపడకుండానే కనపడుతోంది అంటున్నారో ఇట్టే పట్టేస్తుంది. నా కళ్ళకి రేచీకటి మొదలైంది అని ఆర్నెల్ల కిందటే చెప్పింది, చీకట్లో బయట తిరగకు అంది. ఆ రోజు వచ్చి నా తల తుడిచింది, తుడవడం అయ్యాక కొలనుని కాసేపు చూసి, అమ్మనీ ఇక్కడే కదా దించాం, అంది. నడుము కోసం అని. పూడ్చేద్దాం నాన్నా. కోపంగా చెప్పి ఉంటే వాదించేవాణ్ణి. అలసిపోయిన గొంతుతో చెప్పింది, వాళ్ళ అమ్మ గొంతు. నాకు వేరే ఏమీ తోచక, లైట్లు పెడతాను, మీ అమ్మ కొన్నవి ఉన్నాయి, అన్నాను. సరే, మూడు వారాలు టైం ఇస్తా, శనివారం ఆరున్నరకి వస్తా, పరీక్ష పెడతా, అంది. నా జీవితంలో రాసిన పరీక్షలన్నీ ఎవరో నిర్ణయించిన తారీఖులకే.

ఆరూ పది. వెలుతురు తగ్గుతోంది, ఎవరో గదిలోంచి ఒక్కో సామానూ నిశ్శబ్దంగా మోసుకుపోతున్నట్టు. ముందు ఆకుల పచ్చ పోయింది, తర్వాత గోడ ఇటుకల ఎరుపు, నీళ్ళకి మాత్రం ఇంకా కాస్త ఆకాశం మిగిలింది. పక్కింటి పిల్లి గోడ దిగి వచ్చి, గట్టు దాటి, మెట్ల మీంచి వంగి నీళ్ళు తాగింది, జిగురు మీద కాలు పెట్టకుండా, దానికి ఎవరు చెప్పారో. తెర లాగిన చప్పుడు. గంట కాలేదు, అయినా వెలిగించి చూసుకుంటే తప్పేముంది, పరీక్షకి ముందు పుస్తకం తెరవడం లాంటిది. లేచి వెళ్ళి స్విచ్చి వేశాను. ఒక్కసారిగా కొలను లోపల తేనె రంగు వెలుగు నాలుగు గోడల వెంటా పాకి నీళ్ళలోకి దిగింది. అడుగున గచ్చు మీద పగుళ్ళు కూడా కనిపించాయి. ఎంత బాగుందో, తను ఇప్పుడు మెట్లు దిగితే ప్రతి వేలూ కనపడుతుంది, గోడ ఎంత దూరముందో తనకి కనపడుతుంది, లెక్క తప్పితే గోడే చెబుతుంది. అలా అనుకుంటూనే అడుగు వేశాను. పిక్కకి గట్టు తగిలింది.

పడలేదు. పంపు గొట్టం పట్టుకుని ఆగాను. కిందికి చూస్తే నా కాళ్ళు లేవు. దారి లేదు, గట్టు లేదు, నీళ్ళలో వెలుగు నిండి కళ్ళు దానికి అలవాటు పడిపోయి ఇవతలంతా సిరా ఒలికినట్టు నల్లగా ఉంది, లైట్లు లేనప్పటికంటే నలుపు. ఇరవై ఆరు మీటర్లూ లోపలి వైపు అతికించాను. బయటి వైపు అన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు, పొద్దున్నుంచి ఒక్కసారి కూడా. ఈదే మనిషి కోసం పెట్టాను. గొట్టం పట్టుకుని నిలబడి ఉండగా, ఎక్కడి నుంచో, నాలుగేళ్ళ వెనక నుంచి, లైట్ల షాపు చల్లటి వాసన వచ్చింది, నేను ఫ్యాన్ల వరస దగ్గర రెగ్యులేటరు తిప్పుతూ ఉన్నాను, అవతల కౌంటరు దగ్గర తను. షాపాయన, లోపలికా బయటికా అమ్మా పెట్టేది, అన్నాడు. తను నవ్వుతూ, బయటికండీ, లోపల ఉండేది నేను, గోడొస్తే చెయ్యి తగులుతుంది, నాకెందుకు లైటు, ఈయనకి, నా మీదే కళ్ళు పెట్టుకుని నడుస్తారు, కిందకి చూసుకోరు, ఎప్పుడో పడతారు, అంది. విన్నాను. వినే రెగ్యులేటరు తిప్పుతూ ఉన్నాను. తనకి వెలుగులో ఈదాలని సరదా అనుకున్నాను ఇన్నాళ్ళూ, అందుకే చూద్దాంలే, చూద్దాంలే. ఆ పెట్టె నాకోసం. పాత ఫ్యాను రెక్కల కింద నాలుగేళ్ళు నాకోసమే ఉంది.

ఆరూ ఇరవై. ఎనిమిది నిమిషాల్లో ఏం పీకుతాను, ఏం అతికిస్తాను, ఒక్కణ్ణే, బోర్లా పడుకుని, చీకట్లో. మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చున్నాను. లైట్లు ఆర్పలేదు. ఏడుపు రాలేదు, దానికీ ఓపిక కావాలి. గేటు చప్పుడైంది.

"నాన్నా!" అని పిలుస్తూ ఇంటి పక్క సందులోంచి వచ్చింది, వచ్చి ఆగిపోయింది. వెలుగు దాని మొహం మీద కదులుతోంది. "అబ్బ! ఇదంతా నువ్వే పెట్టావా?"

"నేనే."

"ఒక్కడివే? గడ్డానికేంటి ఆ దెబ్బ?"

"గట్టు ముద్దు పెట్టుకుంది."

"నీ జోకులూ నువ్వూ." సంచీ కింద పెట్టి చుట్టూ చూసింది, చాలాసేపు. "అమ్మ చూసుంటేనా," అని అక్కడే ఆపేసింది. తర్వాత ముక్కు ఎగపీల్చి సెల్‌ఫోను తీసింది. "సరేలే. గెలిచావు. బండాయనకి వద్దని చెప్పేస్తా."

ఊరుకుంటే చాలు. ముప్పై రెండేళ్ళలో ఎన్ని ఫైళ్ళు అలా ఊరుకుంటే గట్టెక్కలేదు. కొలను ఉంటుంది, మిగతాది మెల్లగా నేనే సరిచేసుకోవచ్చు, చూద్దాంలే. ఆ మాట మనసులో నా గొంతుతోనే వినిపించింది, అది విని లేచాను.

"ఆగమ్మా. పరీక్ష పెడతానన్నావు."

"ఇంకా పరీక్షేంటి, కనిపిస్తూనే ఉందిగా."

"నీళ్ళు కనిపిస్తున్నాయి. గట్టెక్కడుందో చూపించు."

"ఇదిగో," అని ధీమాగా రెండడుగులు వేసింది. కాలి బొటనవేలు టక్కున తగిలింది. "అమ్మా!" అని ఒంటికాలి మీద నిలబడి, వేలు పట్టుకుని, నీళ్ళని, నన్ను, తన కాలు ఉండవలసిన చీకటిని మార్చి మార్చి చూసింది. "లోపలికి పెట్టావు."

"లోపలికి పెట్టాను."

"చెప్పకపోతే నేను ఫోన్ చేసేసేదాన్ని కదా. ఎందుకు చెప్పావు?"

"మళ్ళీ నీళ్ళు తాగే ఓపిక లేదు తల్లీ."

నవ్వకూడదనుకుంటూనే నవ్వింది. వెంటనే దాని మొహం షాపులో మొహంలా అయింది. "ఇప్పుడు నిజం చెప్పు. చీకటి పడే వేళ నీకిక్కడ ఏం పని? వల అటక మీదుంది, దుమ్ము పట్టి. ఆ రోజే చూశాను."

చెప్పాను. ఎలా చెప్పానో తెలియదు, ముందు పద్నాలుగు అని చెప్పాను, తర్వాత ఇరవై ఆరు, తర్వాత మిగతావి రేపు అన్న మాట, చివరికి షాపాయన అడిగింది. టైమ్‌టేబులు తలకిందులుగా చదివినట్టు. అది గట్టు మీద కూర్చుంది, బొటనవేలు పట్టుకునే. వెలుగు వెనక నుంచి పడుతోంది, మొహం కనపడలేదు. కాసేపటికి, "నన్ను పిలవచ్చుగా," అంది. లేచి చేతులు దులుపుకుంది.

"ప్యాకింగ్ టేపు ఉందా ఇంట్లో?"

ఉంది. స్విచ్చి ఆర్పి, తన ఫోను లైటు కుర్చీ మీద ఆనించి పెట్టింది. నేను బోర్లా పడుకోబోతే, లే, నువ్వు పట్టుకో, నేను పీకుతా, అని తనే పడుకుంది. జిగురు ఎండలేదు. గంట అయింది, గంటన్నర అయింది, అయినా పాలకోవాలా మెత్తగానే ఉండి తీగలు తీగలుగా సాగి ఊడొచ్చింది, కాలం చెల్లిన ట్యూబు, ఆ ముసలి ట్యూబుకి మనసులోనే దండం పెట్టాను, అది పాతది కాకపోతే ఈపాటికి రాయిలా బిగుసుకునేది. ఒకరు పట్టుకుంటే ఒకరు అతికిస్తే నిజంగానే అరగంట పట్టింది, పెట్టె మీద రాసినవాడు అబద్ధం రాయలేదు. ఒక్క పొడుగు వైపుకే, మెట్ల దగ్గర్నుంచి పంపు గది దాకా, గట్టుకి బయటి వైపు, టేపుతో వంకర టింకరగా. మిగతా పట్టీ చుట్ట చుట్టి పక్కన పెట్టాం. స్విచ్చి వేస్తే ఈసారి నీళ్ళు నల్లగా ఉండిపోయాయి, దారి వెలిగింది. గచ్చు మీద చీమలు కూడా కనిపిస్తున్నాయి. నా చెప్పులు, వేళ్ళు, పొద్దున ఊడిన బొత్తాం ఒకటి.

"నడు," అంది. "పరీక్ష."

మెట్ల దగ్గర నిలబడి, అలవాటు కొద్దీ నోరు తెరిచాను.

"నువ్వు కాదు. నేను లెక్కపెడతా." వచ్చి నా పక్కన చేరింది, గట్టు వైపు, నీళ్ళకీ నాకూ మధ్య. "ఇరవై ఏడు."

అడుగు వేశాను. ఎంత కాలమైందో నాకోసం ఇంకొకరు లెక్కపెట్టి. లెక్క వదిలేస్తే నడవడం ఇంత తేలికని తెలియదు, తలలోంచి ఒక మూట ఎవరో దించుకున్నారు, ఒక్కటే, మిగతా మూటలు అలాగే ఉన్నాయి, పిక్కలు లాగుతున్నాయి, నడుము ఒంగనంటోంది, అయినా కింద నా పాదాలు కనిపిస్తున్నాయి, ఎడమది, కుడిది, ఎడమది. ఆ చివర తిరిగాను. ఇరవై ఎనిమిది. దాని గొంతు ఒక్కోచోట ఆగుతోంది, ఆగి మళ్ళీ అందుకుంటోంది. ముప్పై ఒకటి. పంతులమ్మ కిటికీ తెర కొంచెం కదిలి మళ్ళీ సర్దుకుంది. ముప్పై మూడు దగ్గర, ఆ చివర, నా మోచెయ్యి పట్టుకుంది, నేను చెప్పకుండానే, తిరిగాక వదిలేసింది. ముప్పై ఆరు. ముప్పై ఏడు. ఒకసారి కళ్ళెత్తి నీళ్ళ వైపు చూశాను, ఉన్నాయి, నల్లగా, కదలకుండా, ఎవరో ఈది వెళ్ళాక సర్దుకున్నట్టు. ముప్పై తొమ్మిది అయ్యేసరికి పంపు గది దగ్గరున్నాం. నేను తిరిగాను. అది తిరగలేదు.

"చాలు నాన్నా," అంది.

"ఇంకొకటుంది."

"ఉండనీ." వంగి టేపు ఊడిన చోట వేలితో నొక్కింది. "అది రేపు."

కాళ్ళు నొప్పిగా ఉన్నాయి. సరేనన్నాను.